కథయు నిర్వచనమును

పరీక్షాపత్రమునందలి మొదటి ప్రశ్న, థీమ్ అననేమి యని. బాలిక వ్రాసిన యుత్తరము నిర్దుష్టముగ నున్నది. రచయిత కథద్వారమున తెలియజేయు ముఖ్యాభిప్రాయమే థీమ్ అని ఇంగ్లీషులో, ఒక్క వర్ణక్రమదోషమైనను లేకుండ వ్రాసి, రెండు మార్కులకు రెండును గైకొన్నది. రెండవ ప్రశ్న, నీవు చదివిన కథయొక్క థీమ్ ఏది యని. దానిక్రింద ఆమె మొదటి యుత్తరమునే పొల్లుపోకుండ మరల వ్రాసినది. దిద్దిన చేయి ఎఱ్ఱసిరాతో సున్న చుట్టి యూరకున్నది.

ఈ కాగితము మా కంటబడుట యాదృచ్ఛికము. మా పట్టణమున కొందరు మిత్రులము కూడి, ఇంటివద్ద చదువు చెప్పువారు లేని పిల్లలకై సాయంకాలములందు ఒక చావడిలో ఉచితముగ పాఠములు చెప్పుచున్నాము. పగలెల్ల కోర్టులో సాక్షులను ప్రశ్నించి యలసినవానికి ఆ రెండు గంటలును విశ్రాంతివంటివి. బాలిక చదువునది ఏడవ తరగతి. పాఠశాల యేదైనను నొకటియే, పేరుతో పనిలేదు. కాగితమును చూచి మేమామెను మందలింపలేదు. ఆ కథ నొకమారు తెలుగున చెప్పుమంటిమి.

కథ టాల్‌స్టాయ్ మహాశయునిది. ఎన్.సి.ఇ.ఆర్.టి. వారి ఏడవ తరగతి ఇంగ్లీషు వాచకమైన 'హనీకోంబ్'నందు అది ఏండ్లతరబడి తొలిపాఠముగ నుండినది. ఏ పనికి ఏది తగిన కాలము, ఎవరి మాట ముఖ్యముగ వినవలెను, అన్నిటికంటె ముఖ్యమైన కార్య మేది యను మూడు ప్రశ్నలు ఒక రాజునకు గలిగినవి. పండితులు తలకొక యుత్తరము చెప్పిరి. రాజు సామాన్యవేషమున ఒక మునియొద్దకు బోయెను. ముని మాటలాడక మడులు త్రవ్వుచుండగా, రాజు జాలిపడి తానే పార నందుకొని త్రవ్వెను. ప్రొద్దు గ్రుంకువేళ కడుపున గాయముతో ఒక గడ్డపువాడు పరుగెత్తివచ్చి పడెను. రాజు గాయము కడిగి కట్టుకట్టి వానిని బ్రతికించెను. తెల్లవారి తెలిసినదేమనగా, వాడు రాజునే చంపుటకై పొంచియుండి, రాజభటులచేత గాయపడినవాడు.

బాలిక ఇదంతయు గుక్కతిప్పుకొనకుండ చెప్పినది. చెప్పి, మేమడుగకయే, ఇట్లన్నది: "ఆ రాజుగారు కట్టు కట్టింది తనని చంపడానికొచ్చినవాడికేనండి. తెలిసుంటే కట్టేవారు కాదేమోనండి. తెలియకుండా చేసిన మంచే ఆయన్ని కాపాడిందండి."

పాఠకులారా! పరీక్షలో సున్న గైకొన్న ప్రశ్నకు సమాధాన మిదియే. ఐరనీ యని ఇంగ్లీషువారు పిలుచు దానినిగూడ ఆమె పేరు తెలియకయే పట్టుకొన్నది. ఆమెయొద్ద భావము తెలుగున నున్నది. నిర్వచనము ఇంగ్లీషున నున్నది. రెండింటికి నడుమ వంతెన లేదు. ఈ యొడ్డున నున్నది ఆ యొడ్డుదాని పేరే యని యామెకు ఎవ్వరును చెప్పియుండలేదు. మేము ఈవారము వ్రాయబూనినది ఆ వంతెననుగూర్చియే.

ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల ఇంగ్లీషు పాఠములందు నేడు ప్లాట్, సెట్టింగ్, కారెక్టర్, కాన్‌ఫ్లిక్ట్, క్లైమాక్స్, థీమ్, సిమిలీ, మెటఫర్, పర్సానిఫికేషన్ మున్నగు మాటలు విరివిగ వినబడుచున్నవి. పదునొకండు, పండ్రెండేండ్ల పిల్లలకు ఈ బరువేల యని గొణుగువారు కలరు. మేమావాదమున జేరము. పనిముట్టునకు పేరుండుట బరువుగాదు. వడ్రంగి కొడుకు ఎనిమిదవ యేటనే బాడిసె యేదో, ఉలి యేదో, చిత్రిక యేదో యెఱుగును. కాని వాడు వాని పేళ్లను కంఠస్థము చేసి పిమ్మట పనిలోనికి దిగలేదు. ఉలి చేతబట్టి, కొయ్యపై నుంచి, వ్రేలు నొక్కటిరెండుమార్లు గాయపరచుకొని, దాని పేరు నేర్చెను. మన తరగతులలో జరుగుచున్నది దీనికి విపర్యాసము. కొయ్య లేదు, ఉలి లేదు. ఉలి యనగా నేమి యను ప్రశ్నకు రెండు మార్కు లున్నవి.

నేరమెవ్వరిదని అడుగుట మాకు వృత్తిధర్మము. అయినను ఇచట ముద్దాయిని నిలబెట్టుట సులభముగాదు. ఉపాధ్యాయిని కున్నది ముప్పావుగంటకు మించని పీరియడు. కథను పైకి చదివి, కఠినపదములకు అర్థములు చెప్పి, ప్రశ్నోత్తరములు నల్లబల్లపై వ్రాయించుసరికి గంట మ్రోగును. అంగడిలోని గైడు ఆ యుత్తరములనే అచ్చువేసి అమ్మును. నిర్వచనమునకు మార్కు వేయుట తేలిక. బాలిక స్వయముగ ఊహించినదానికి మార్కు వేయుట కష్టము, దానిని దిద్దువాడును ఆలోచింపవలసివచ్చును గదా! ఇట్లు ఎవరి సౌకర్యము వారు చూచుకొనుటచేత నడుమ కథ మాయమైనది.

ఈ వ్యాధి నేటిది గాదు. మెకాలే దొర 1835 ఫిబ్రవరి 2వ తేదీన తన సుప్రసిద్ధ విజ్ఞాపనమును వ్రాసెను. అటుపిమ్మట ఇంగ్లీషు కావ్యములు మన పాఠశాలలందు ప్రవేశించిన తీరు విచిత్రము. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ఇంగ్లీషు సాహిత్యమునకు ప్రత్యేకశాఖ 1894లో గాని యేర్పడలేదు. దానికి ఎన్నియో యేండ్లకు ముందే మన దేశపు కళాశాలల విద్యార్థులు షేక్‌స్పియరును, మిల్టనును పరీక్షలకై వల్లెవేయుచుండిరి. ఆ సాహిత్యము ఇంగ్లండున పాఠ్యవిషయముగ స్థిరపడకమునుపే ఇచట పరిపాలనాసాధనముగ ఎట్లు స్థిరపడెనో గౌరీ విశ్వనాథన్‌గారు 1989లో వెలువరించిన 'మాస్క్స్ ఆఫ్ కాంక్వెస్ట్' అను గ్రంథమున సవిస్తరముగ చూపిరి. పరాయివారి కావ్యమును దూరమునుండి నమస్కరించి, దానిపై ప్రశ్నవేయక, చెప్పిన వ్యాఖ్యను చెప్పినట్లు అప్పగించు నలవాటు అప్పుడు పుట్టినది. పాలకులు 1947లో వెడలిరి, అలవాటు వెడలలేదు.

గురజాడ అప్పారావుగారు ఈ సంగతిని మనకంటె ముందే కనిపెట్టిరి. 1897లో అచ్చైన కన్యాశుల్కమున గిరీశము, వెంకటేశము తల్లిదండ్రులయెదుట ఇంగ్లీషు దొర్లించు ఘట్టమును తలచుకొని నవ్వని తెలుగువాడు లేడు. అర్థము లేకున్నను ధ్వని చాలును. కుఱ్ఱవాడు చదువుకొన్నాడని ఇంటివారు మురియుదురు. ఆ నవ్వు మనమీదనే యని గ్రహించుటకు మాత్రము మన మింకను వెనుకాడుచున్నాము. నేటి తలిదండ్రులు పిల్లవానిచేత మెటఫర్ నిర్వచనమును చుట్టములయెదుట చెప్పించుట మేమెఱుగుదుము.

అయినచో ఇంగ్లీషు కథయే వలదా? వలదనుట అవివేకము. కందుకూరి వీరేశలింగము పంతులుగారు గోల్డ్‌స్మిత్తు రచించిన వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్ చదివి, ఆ స్ఫూర్తితో 1878లో రాజశేఖరచరిత్రమును వ్రాసిరి. అది అనువాదము గాదు; గోదావరి నీళ్లు త్రాగిన కథ. కట్టమంచి రామలింగారెడ్డిగారు ఇంగ్లీషు విమర్శపద్ధతిని జీర్ణించుకొని, 1914లో కవిత్వతత్త్వవిచారమున పింగళి సూరనార్యుని కళాపూర్ణోదయమును క్రొత్తకంటితో చూచిరి. కథాసంవిధానమను గుణము మన కావ్యములోనే యెంత యున్నదో ఆ చూపుచేత తెలుగువారికి తేటపడినది. సూరన పదునాఱవ శతాబ్దమునందే కథను మొదటినుండి చివరికి వరుసగ చెప్పక, నడుమ దిగి, పసిపాప నోట వెనుకటి వృత్తాంతమునంతయు చెప్పించి ముడులు విప్పెను. దీనినే నేటి పిల్లలు ఫ్లాష్‌బ్యాక్ అందురు. ఇంగ్లీషు చదివినందున వీరెవ్వరును చెడలేదు. వారు రెండుభాషలను ఎదురెదురుగ కూర్చుండబెట్టి మాటలాడించిరి. మనము ఒకదానిని లోపలికి రానిచ్చుటకు రెండవదానిని వీథిలో నిలుపుచున్నాము.

ఏడవ తరగతి బాలుడు తెలుగు గంటలో ఉపమాలంకారమును నేర్చును. "చెరువు అద్దమువలె నిశ్చలముగ నున్నది" అనుచోట చెరువు ఉపమేయము, అద్దము ఉపమానము, నిశ్చలత సమానధర్మము, వలె యనునది ఉపమావాచకము. నాలుగంగములు. మధ్యాహ్నము ఇంగ్లీషు గంటలో సిమిలీని నేర్చును. లైక్ గాని యాజ్ గాని వచ్చిన పోలిక సిమిలీ యని. ఉదయమున నేర్చినదియు ఇదియు నొకటియే యని వానికి ఎవ్వరు చెప్పుదురు? ఇద్దరు ఉపాధ్యాయులును ఒకే వరండాలో కాఫీ త్రాగుదురు. ఈ ముచ్చట మాత్రము వారినడుమ రాదు. ఉపమ నెఱిగినవానికి సిమిలీ యరగంట పని. పైపెచ్చు మన నాలుగంగముల లెక్క ఇంగ్లీషు నిర్వచనముకంటె సూక్ష్మమైనది. పోలిక దేనిదేనికి, ఏ గుణముచేత, ఏది చెప్పక విడువబడినది యని యది అడుగును. విడువబడినచో లుప్తోపమ యని పేరుగూడ పెట్టినది.

ఇక మెటఫర్. రూపకమని వెంటనే అనువదించి చేతులు దులుపుకొనుట కూడదు. "ఆ చెరువు అద్దమే" యనిన రూపకము. "మా యూరి నడుమ నొక అద్దము పఱచియున్నది" యని చెరువు పేరే యెత్తకున్నచో మన లాక్షణికులు దానిని రూపకాతిశయోక్తి యందురు. ఇంగ్లీషువాడు రెండింటిని మెటఫర్ అనియే పిలుచును. ఇట్టి యెచ్చుతగ్గులను చూపుటయే అసలు చదువు. రెండుభాషల గీతలు ఒకదానిపై నొకటి సరిగ పడవని తెలిసిన పిల్లవాడు, నిర్వచనము దేవుడిచ్చినది గాదనియు, మనుష్యులు ఆలోచించి గీచినదనియు గ్రహించును.

కథకు కొండబొమ్మ వేయుట మరియొక యాచారము. ఎక్కుడు, శిఖరము, దిగుడు. ఇది గుస్తావ్ ఫ్రైటాగ్ అను జర్మను రచయిత 1863లో నాటకములనుగూర్చి చేసిన యైదుభాగముల విభజనమునుండి వచ్చినది. మన నాట్యశాస్త్రమునను అవస్థలు ఐదే: ఆరంభము, ప్రయత్నము, ప్రాప్త్యాశ, నియతాప్తి, ఫలాగమము. సంఖ్య కలిసినదని సంబరపడనక్కరలేదు. ఫ్రైటాగ్ చూచినది గ్రీకు నాటకములను, షేక్‌స్పియరు విషాదములను. అందుచేత ఆయన కొండ పతనముతో ముగియును. మనవారు చూచినది నాయకుని కార్యము. అది ఫలముతో ముగియును. టాల్‌స్టాయ్ రాజు కథకు రెండింటిలో ఏది సరిపడునో తరగతిలో అడిగిచూడుడు. మా చావడిలో అడిగితిమి. అరగంట కలహము జరిగినది. చివరకు రెండును పూర్తిగ సరిపడలేదని తేలినది. అంతకంటె మంచి పాఠము మేము చెప్పి యెఱుగము.

ఈ సందర్భమున ఓరుగంటి విద్యానాథుని స్మరింపక తప్పదు. కాకతీయ ప్రతాపరుద్రుని ఆస్థానమున, ఏడువందల యేండ్లక్రిందట, ఆయన ప్రతాపరుద్రీయమను అలంకారశాస్త్రమును సంస్కృతమున రచించెను. నాటకలక్షణములను చెప్పవలసివచ్చినపుడు ఆ పండితుడు లక్షణములతో నూరకుండలేదు. సంధులు, అంగములు ఎట్లుండునో చూపుటకై పూర్తి నాటకము నొకదానిని వ్రాసి ఆ శాస్త్రగ్రంథమునందే చేర్చెను. పారిభాషికపదమును నేర్పవలెనన్న రచన ఎదుటనుండవలెనని ఆయన కెఱుక. రాజు పొగడ్త మెండుగ నున్నదని నేటివారు విసుగుకొనవచ్చును, మాకును కొంత విసుగే. కాని పాఠ్యగ్రంథకర్తగ ఆయన మన గైడుల రచయితలకంటె మిక్కిలి ముందున్నాడు.

ఇంత మాత్రమున సర్వమును మన శాస్త్రములందే కలదని తొడగొట్టువారితో మేము గొంతుకలుపము. కథ నెవరి కంటితో చూచి చెప్పుచున్నారు, చెప్పువాని మాట నమ్మదగునా యను విచారము నేటి నవలతోడను కథానికతోడను పెరిగినది. దానికి ఇంగ్లీషు విమర్శ మనకు మంచి పనిముట్ల నిచ్చినది. కాన్‌ఫ్లిక్ట్ అను సంఘర్షణను కథకు నడుము ఎముకగ చూచుటయు అట్టిదే. మఱియొకవైపున, చదువరి హృదయమున నేమి జరుగునో చెప్పు రసవిచారమునకు సమానమైనది ఇంగ్లీషు వాచకమున లేదు; మూడ్ అను చిన్నమాటతో సరిపెట్టుకొందురు. ఆనందవర్ధనుని ధ్వని యని చెప్పబోగా ఒక పిల్లవాడు "ఆనొమటోపియానాండీ?" యని యడిగెను. కాదు, జలజల, గలగల యనునవి ధ్వన్యనుకరణములు. ధ్వని యనగా చెప్పక చెప్పుట. రెండును చెప్పవలసియేయుండెను, వాడడుగుట మేలయ్యెను.

అన్నిటికంటె చిక్కైనది థీమ్ అను మాట. మన పిల్లలు కథ యనగానే చివర నీతికై వెదకుదురు. పంచతంత్రము మనకిచ్చిన యలవాటది, చెడ్డదిగాదు. కాని థీమ్ నీతిగాదు. మాకు తెలిసిన భాషలో చెప్పవలెనన్న, వ్యాజ్యమున సంగతులు వేరు, వివాదాంశము వేరు, తీర్పు వేరు. ఎవరు ఎప్పుడు ఏమి చేసిరను సంగతుల కూర్పు ప్లాట్. దేనినిగూర్చి తగవు నడుచుచున్నదో అది థీమ్. నీతి తీర్పువంటిది. న్యాయాధిపతి సాక్ష్యమును వినకమునుపే తీర్పు చెప్పినచో మనమూరకుందుమా? తరగతిలో నిత్యము జరుగునది అదియే. కథ చదువకమునుపే నీతి నల్లబల్లపై నుండును. వివాదాంశమును నిర్ణయించుట సామాన్యమైన పనిగాదు. అది తప్పినచో ఎంత సాక్ష్యమున్నను వ్యాజ్యము దారితప్పును. పిల్లవాడు ఇది థీమ్ అనినచో, కథలో ఏ వాక్యము దానికి సాక్ష్యమని యడుగవలెను. సాక్ష్యమున్నచో, గైడులో లేకున్నను, వాని మాట అంగీకరింపవలెను.

గురజాడవారి 'దిద్దుబాటు' 1910లో వెలువడినది. మొదటి తెలుగు కథానిక యని చెప్పుదురు; భండారు అచ్చమాంబగారి 'ధనత్రయోదశి' 1902నాటిదిగావున ఆ గౌరవము ఆమెకే చెల్లునని వాదించువారి పక్షమున మేమున్నాము. ఎట్లున్నను దిద్దుబాటును థీమ్ చెప్పుటకు తీసికొందము. సానిపాటకు అలవాటుపడి రాత్రి ప్రొద్దుపోయి యిల్లుచేరిన భర్తకు భార్య కానరాదు, ఉత్తరమొకటి కానవచ్చును, నౌకరు రాముడు చివాట్లు తినును, కడపట మంచముక్రిందనుండి నవ్వును, కరకంకణముల రవళియు వినబడును. భర్తలు రాత్రులు తిరుగరాదనునది నీతి. పిల్లవాడు అంతతో నాగినచో కథ సగమే చదివినవాడు. లోకమును దిద్దబూనిన విద్యావంతుని, అతడు చదువుచెప్పించిన భార్యయే దిద్దినది. చదువిచ్చినవా డెవ్వడు, పుచ్చుకొన్నవా రెవ్వరు? వివాదాంశమది. కథ పేరే దానికి సాక్ష్యము. దీనిని తెలుగున నొకసారి చేసిచూచిన పిల్లవాడు, టాల్‌స్టాయ్ కథలో ముని తన నోటనే ఉత్తరమును విప్పిచెప్పుటకును, గురజాడ చెప్పక నవ్వించి విడిచిపెట్టుటకును గల భేదమును తానే కనిపెట్టును. మా బాలిక కనిపెట్టినది. "ఈ కథలో సన్యాసి లేడండి" అన్నది.

సినిమాలనుగూర్చి యొకమాట. పెద్దలు కోపగింపకుందురుగాక! ఈ పిల్లలకు క్లైమాక్స్, ట్విస్టు, ఫ్లాష్‌బ్యాక్, విలను అను మాటలను ఏ పాఠశాలయు నేర్పలేదు. తెరముందు కూర్చుండి తామే నేర్చినారు. ఇంటర్వెల్‌కు ముందొక ముడి పడవలెననియు, పడనిచో రెండవభాగము చప్పబడుననియు పదేండ్లవాడు నిష్కర్షగ చెప్పును. కథాసంవిధానజ్ఞానము వాని జేబులోనే యున్నది. దానిని బయటికి తీయించుటకు సిగ్గుపడి, మనము ఎవ్వరికిని అక్కరలేని నిర్వచనమును వానికి అప్పగించుచున్నాము.

బోధనాభాషనుగూర్చిన వివాదము ఈ దశాబ్దమున మనలను చాల అలయించినది. నిర్బంధ విద్యాహక్కు చట్టము 2009, 29వ విభాగమున, సాధ్యమైనంతవరకు బోధన బాలుని మాతృభాషయందుండవలెనని చెప్పుచున్నది. 2014 మే 6వ తేదీన సుప్రీంకోర్టు రాజ్యాంగధర్మాసనము, మాతృభాషయందే బోధింపుమని ప్రభుత్వము పాఠశాలలను నిర్బంధింపజాలదని కర్ణాటక వ్యాజ్యమున తీర్పుచెప్పినది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2019 నవంబరులో ప్రభుత్వపాఠశాలలను ఇంగ్లీషు మాధ్యమమునకు మార్చుచు ఇచ్చిన ఉత్తరువులను హైకోర్టు 2020 ఏప్రిల్ 15న కొట్టివేసినది. 2020 జాతీయ విద్యావిధానము కనీసము ఐదవ తరగతివరకు, వీలైనచో ఎనిమిదవ తరగతివరకును, ఇంటిభాషలో బోధన యుండవలెనని సూచించినది. తెలంగాణమున 2022-23నుండి ఒకటినుండి ఎనిమిదివరకు ఇంగ్లీషు మాధ్యమము ప్రవేశపెట్టబడినది. ఈ తగవున మా పక్షమేదో పాఠకులెఱుగుదురు, మరల చెప్పము. మేమడుగునది వేరు. ఏ మాధ్యమమైనను ఇంగ్లీషు గంట యొకటి యుండును. ఆ గంటలో ఏమి జరుగుచున్నదో తొంగిచూచినవా రెవ్వరు? ఇరుపక్షముల న్యాయవాదులును మాధ్యమము పేర వాదించుచుండగా, పిల్ల నిర్వచనమును రెండుమార్లు వ్రాసి సున్న తెచ్చుకొన్నది.

రెండు రాష్ట్రములును ఒక మంచిపని చేసినవి. గణితము, విజ్ఞానశాస్త్రములవంటి విషయములకు ఒక ప్రక్క ఇంగ్లీషు, ఎదుటి ప్రక్క తెలుగు ఉండునట్లు ద్విభాషాపాఠ్యగ్రంథములను అచ్చువేసినవి. కిరణజన్యసంయోగక్రియకు దక్కిన మర్యాద కథకేల దక్కరాదు? ఇంగ్లీషు వాచకము చివర ఒక్క కాగితము చాలును. సెట్టింగ్ ఎదుట దేశకాలములు. ప్రొటాగనిస్ట్, ఆంటాగనిస్ట్ ఎదుట నాయకుడు, ప్రతినాయకుడు. సిమిలీ ఎదుట ఉపమ. ఫోర్‌షాడోయింగ్ ఎదుట సూచన, దానితోబాటు నాట్యశాస్త్రపు పతాకాస్థానకమును తలచుకొన్నను తప్పులేదు. సరిగ సరిపడనిచోట సరిపడదని వ్రాయవలెను. ఆ కాగితము ఖర్చు లెక్కకు రాదు. దానిని సిద్ధము చేయుటకు తెలుగు ఉపాధ్యాయులును ఇంగ్లీషు ఉపాధ్యాయులును ఒక గదిలో కూర్చుండవలెను. కష్టమంతయు అచటనే యున్నది.

పరీక్షలు నడుపు అధికారులకు మా మనవి మరి కొంచెము కటువుగ నుండును. ఎనిమిదవ తరగతివరకు, ఈ పదములకు నిర్వచనము వ్రాయుమను ప్రశ్నను పూర్తిగ తీసివేయుడు. మునుపు చదువని చిన్నకథ నిచ్చి, ఇది దేనినిగూర్చినది, ఏ వాక్యముచేత నీకు తెలిసినది యని యడుగుడు. ఉత్తరమును తెలుగున వ్రాసినను మార్కు వేయుడు. ఇంగ్లీషు పరీక్షలో తెలుగా యని ఆశ్చర్యపడువారికి మేమడుగునది: పరీక్షించునది వ్యాకరణమునా, గ్రహణమునా? వ్యాకరణమునకు వేరే ప్రశ్నలున్నవి. అమెరికాలో 2010లో ప్రకటింపబడి పెక్కు రాష్ట్రములు అనుసరించిన కామన్ కోర్ ప్రమాణములు ఆరవ తరగతినుండియే, కథనుండి సాక్ష్యము చూపుమనియు, థీమ్ ఏ వివరములచేత తెలియుచున్నదో చెప్పుమనియు విధించుచున్నవి. అచట చదువుచున్న మన చుట్టముల పిల్లలు పరీక్షలో కథలోని వాక్యమును ఎత్తిచూపవలెను; ఇచటి వారి తోడివారు గైడులోని వాక్యమును ఎత్తివ్రాసిన చాలును. ఇంగ్లీషు చెప్పువారి దేశపు పద్ధతియని యనుకరించుటకు మన మంత తహతహలాడుచున్నామే, అనుకరింపదగిన దీని నేల విడిచితిమి?

2024లో ఆరవ తరగతికి, 2025లో ఏడవ తరగతికి 'పూర్వి' యను క్రొత్త వాచకములు ఎన్.సి.ఇ.ఆర్.టి. వారు తెచ్చిరి. గ్రంథములు మారుట మంచిదే. చావడిలో మేము చూచుచున్నంతలో, గ్రంథము మారినవెంటనే గైడును మారినది.

మా బాలిక ఇపుడొక నోటుపుస్తకము పెట్టినది. ఎడమవైపున ఇంగ్లీషుమాట, కుడివైపున తెలుగుమాట, క్రింద తాను చదివిన కథలోనుండి యొక వాక్యము. పాయింట్ ఆఫ్ వ్యూ ఎదుటి గడి చాల దినములు ఖాళీగ నుండెను. దృష్టికోణమని మేము చెప్పితిమి. తలయూపినది గాని వ్రాసికొనలేదు. మొన్న చూడగా ఆ గడిలో పెన్సిలుతో వ్రాసియున్నది: "ఎవరు చెప్తున్నారు? వాళ్లు అక్కడ ఉన్నారా?"